ముందు పీట, ఆ తర్వాత ఊయల

ఇంట్లో కూతురో కోడలో నీళ్ళోసుకుందని తెలియగానే ఫోనులో ఊయలల బొమ్మలు వెతకడం మొదలుపెట్టే వాళ్ళ కోసం ఈ అధ్యాయం. కొనే బదులు మనమే చేద్దామనిపించడం మంచిదే. కానీ నగరిలో ఆ మాట పైకి అంటే ముందు అడ్డుపడేది అవ్వ. "ఇంకా బిడ్డ భూమ్మీద పడనే లేదు, అప్పుడే ఉయ్యాలేందిరా?" అంటుంది. మూఢనమ్మకమని ఆమె మాటను కొట్టిపారేస్తే పని మొదటి రోజే ఆగిపోతుంది, ఎందుకంటే ఈ పనిలో మీకు అందరికన్నా ముందు కావలసిన మనిషి ఆమే.

అవ్వ భయం ఊరికే పుట్టింది కాదు. కాన్పు ఏమవుతుందో, పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో తెలియని రోజులు చూసిన ఇళ్ళు మనవి. ఖాళీ ఊయలను కళ్ళెదుట పెట్టుకుని నెలలు లెక్కపెట్టడం కన్నా, బిడ్డ వచ్చి పదకొండో రోజో ఇరవయ్యొకటో రోజో అయ్యాక కట్టుకోవడం మనసుకు మేలని పెద్దవాళ్ళు అనుకున్నారు. అందుకని ఆమెతో వాదించకండి. ముక్కలు ఇప్పుడు చేస్తాం, బిగించేది బిడ్డ పుట్టాకే అని చెప్పండి. విడి పలకలు ఊయల కాదు గదా. అవ్వ ఒప్పుకుంటుంది. తమాషా ఏమిటంటే వడ్రంగం కూడా ఇదే కోరుకుంటుంది. కోసిన ముక్కలు కొన్ని వారాలు ఇంటి గాలికి ఆరాలి, పూసిన నూనె పీల్చుకుని గట్టిపడాలి. పైగా తొలి కాన్పు పుట్టింట్లోనే జరిగే ఇళ్ళల్లో ఆ ఊయల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేయాలి. విప్పితే మోపు కట్టి ఆటోలోనో, ఏకాంబరకుప్పంలో రైలెక్కించో తీసుకుపోయేలా ఉండాలి. ఏ ముక్కా మూడడుగులు మించకుండా చూసుకోండి.

పీట

ఊయలతో మొదలుపెట్టొద్దు. మన పద్ధతిలో పసిబిడ్డ రోజూ వాడే మొదటి సామాను నీళ్ళు పోసే పీట. అవ్వ దాని మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రుద్ది నీళ్ళు పోస్తుంది. నాపరాళ్ళు పోయి స్నానాల గదిలో టైల్సు వచ్చాక, తడి నేల మీద ప్లాస్టిక్ పీట జారితే ఏమవుతుందో ఊహించుకోండి. పీట మీద అరవై దాటిన మోకాళ్ళు, వాటి మీద నూనె రాసిన బిడ్డ. పసిబిడ్డల సామాన్లు అమ్మే దుకాణాల్లో ఈ వస్తువు కనిపించదు, ఎందుకంటే ఇది బిడ్డ కూర్చునేది కాదు. అవ్వకు అభ్యంతరం లేకపోవడానికి కారణమూ అదే.

కొలత పుస్తకంలో వెతక్కండి. పాత దినపత్రికల కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి అవ్వను కూర్చోబెట్టండి. ఒక్కో కట్ట తీస్తూ, పెడుతూ, ఎవరి సాయమూ లేకుండా ఆమె లేవగలిగే ఎత్తు దగ్గర ఆగండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల మధ్య ఎక్కడో తేలుతుంది. పైపలక పదహారు అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు ఉంటే చాలు. కాళ్ళుగా రెండు అడ్డ పలకలు నిలబెట్టి, పీట తిరగేసి కింది వైపు నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగించండి, మామూలు ఇనుమైతే తుప్పు పడుతుంది. కాళ్ళ అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటిస్తే జారదు. అంచులన్నీ గుండ్రంగా అరగదీయండి. ఒక ఆదివారం పని.

చిన్నదానితో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోకన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు తమ ప్రయోగాల ఫలితాలు అచ్చువేశారు. విడిభాగాలు తెచ్చి తామే బిగించుకున్న పెట్టెకు, తామే మడిచిన కాగితం బొమ్మకు మనుషులు ఎక్కువ విలువ కడతారని తేలింది. విడిభాగాల సామాన్లమ్మే స్వీడన్ కంపెనీ పేరు మీద దానికి ఐకియా ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. ఆ సంగతి చాలామంది చెబుతారు కానీ అందులో రెండో సగాన్ని వదిలేస్తారు. పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని విప్పేయించినా ఆ మమకారం కనిపించలేదు. మూలన పడి ఉన్న సగం ఊయల ఇంటిల్లిపాదికీ రోజూ గుచ్చుకుంటుంది. పూర్తయిన పీట మీద అవ్వ కూర్చుని "బాగుందిలే" అంటే చాలు, ఇంట్లో మిగతావాళ్ళు రంపం దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

కర్ర ఎక్కడిది

నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం అంతా మగ్గాల సీమ. మరమగ్గాలు వచ్చాక మూలపడ్డ చేమగ్గాల కర్ర కొన్ని ఇళ్ళ అటకల మీద ఇంకా ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే అంతకన్నా మంచి కర్ర డబ్బు పెట్టినా దొరకదు. ఏళ్ళ తరబడి ఎండింది కాబట్టి కొత్తగా కోసిన కర్రలా వంకర తిరగదు. దాని మీద పని చేసిన చేతులు మీ ఇంటివే. కానీ ముందు అంగుళం అంగుళం తడిమి చూసి మేకులు పీకండి. వేలితో తట్టినప్పుడు సన్నటి పొడి రాలితే లోపల పుచ్చు ఉన్నట్టే. ఆ ముక్క పొయ్యిలోకి పోవాలి.

మగ్గం లేకపోతే వేప. చెదలూ పురుగూ అంత సులువుగా పట్టవు, బరువు మోస్తుంది, అవ్వకూ నచ్చుతుంది. టేకు మేలైనదే, అయితే కొత్తది కొనేకన్నా పడగొట్టిన పాత మిద్దె దూలం దొరికితే తెచ్చుకోండి. చిత్తూరు జిల్లాలో మామిడికి కొదవ లేదు. ముసలి చెట్లు కొట్టినప్పుడు చవగ్గా వస్తుంది. పలకలకు వాడుకోవచ్చు గానీ, పచ్చి మామిడికి పుచ్చు తొందరగా పడుతుంది. బరువు మోసే నిలువులకు నేనైతే వాడను. చెట్టు మీ పొలంలోదే అయినా కొట్టే ముందు అనుమతి సంగతి అడిగి తెలుసుకోండి, 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఎర్రచందనం ముక్క ఒకటి ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా జరగండి. శేషాచలం దొంగ కర్రతో చేసిన ఊయల్లో పడుకోవలసిన అవసరం ఏ బిడ్డకూ లేదు.

రంగు వేసిన పాత తలుపులు మాత్రం పసిబిడ్డ సామానుకు పనికిరావు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం. దాన్ని గీకితే లేచే దుమ్ము గర్భిణి ఊపిరిలోకి పోతుంది, తల్లి రక్తంలో చేరిన సీసం మాయ దాటి బిడ్డకూ చేరుతుంది. గీకి వాడుకుంటాం అనే మాటే వద్దు.

ఎవరికి ఏ పని

రంపపు పొట్టు, చిత్రిక పట్టేటప్పుడు లేచే దుమ్ము, పాలిష్ వాసన, ఈ మూడూ ఉన్నచోట గర్భిణి ఉండకూడదు. అలాగని ఆమెను పక్కన కూర్చోబెట్టి పండ్లు కోసిపెడితే ఈ పని ఆమెది కాకుండా పోతుంది. ఊయలలో ముఖ్యమైన కొలత ఆమె దగ్గరే ఉంది. మంచం అంచున కూర్చుని, నడుం వంచకుండా చేతులు చాపితే అవి ఎక్కడికి చేరతాయో అక్కడ గోడ మీద గీత గీయండి. పక్క అడుగు ఆ గీతకు కాస్త కిందుగా ఉండాలి. ఆపరేషన్ కాన్పు అయితే మొదటి వారాల్లో వంగి బిడ్డను ఎత్తుకోవడం ఎంత కష్టమో ఆ దారిన నడిచిన వాళ్ళను అడగండి. దుకాణంలో కొన్న ఊయలకు ఈ కొలత తెలియదు.

మిగతావాళ్ళలో టేపు ఒక్కరి చేతిలోనే ఉండాలి. అంగుళాల్లో కొలిచే మామగారు, సెంటీమీటర్లలో కొలిచే అల్లుడు కలిస్తే నాలుగు కాళ్ళు నాలుగు ఎత్తుల్లో వస్తాయి. వియ్యంకులిద్దరూ ఒకే రంపానికి చెరోవైపు చేరితే ఇంకా మంచిది, కనీసం ఆ కాసేపు పెట్టుపోతల మాట రాదు. ఇంటర్ చదివే తమ్ముడికి శాండ్ పేపరు ఇవ్వండి. ముందు 80 నంబరు, తర్వాత 120, ఆఖరున 220. ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. పని నున్నగా వచ్చిందో లేదో చూడటానికి పాత నైలాన్ మేజోడు చేతికి తొడుక్కుని కర్ర మీద తిప్పితే చాలు, ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఇంకా రుద్దాలి.

అన్నీ మన చేతులతోనే చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. బరువు మోసే కీళ్ళు, అంటే ఒక కర్రకు తొలిచిన చదరపు రంధ్రంలో ఇంకో కర్ర నాలుక బిగుసుకునే చోట్లు, వడ్రంగం చేసే ఆచారికి వదిలేయండి. కూలి ఇవ్వండి, టీ ఇవ్వండి, పక్కన కూర్చుని ఆయన ఉలి పట్టే తీరు చూడండి. మేకుతో కొట్టిన కీలు ఊపగా ఊపగా వదులవుతుంది, తొలిచిన కీలు నిలుస్తుంది. విప్పదీయాల్సిన చోట మాత్రం బోల్టు, వాషరు, నట్టు.

ఊయల

తిరుమలలో రోజు ముగిసేది కూడా జోలపాటతోనే. ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని గొలుసులకు వేలాడే పాన్పు మీద పవళింపజేస్తారు. ధనుర్మాసంలో ఆ చోటు శ్రీకృష్ణుడిది. కొండ కింది ఊళ్ళల్లో ఊయలంటే వేలాడాల్సిందే అన్న పట్టు అందుకేనేమో! దూలాల ఇళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక కొక్కెం లేని గదులే ఎక్కువ. అందుకే నిలువుల మీద వేలాడే ఊయల చేద్దాం.

లోపలి పొడవు 32 అంగుళాలు, వెడల్పు 18. అడుగు బల్లపరుపుగా ఉండాలి, గిన్నెలా గుంట పడకూడదు. పక్క పరిచాక కూడా అంచు దాని మీద అడుగెత్తు ఉండాలి. కమ్మీల మధ్య సందు రెండుంపావు అంగుళాలు దాటొద్దు. అమెరికా నిబంధనల్లో ఈ హద్దు రెండున్నర అంగుళాలకు కాస్త తక్కువ, దాదాపు 6 సెంటీమీటర్లు. అంతకన్నా వెడల్పయితే బిడ్డ ఒళ్ళు దూరిపోయి తల చిక్కుకుంటుంది. అందుకే తొమ్మిదో కమ్మీ తక్కువైందని సందు పెంచి ఎనిమిదితో సరిపెట్టే తెలివి ఇక్కడ వద్దు. మూలల్లో పైకి పొడుచుకొచ్చే గుబ్బలు, శిఖరాలు పెట్టకండి, చొక్కా తగులుకుంటుంది. చూడ్డానికి అందంగా ఉంటాయని ఆచారి అంటాడు, వినకండి. కింద పాదాలు ఊయల వెడల్పు కన్నా కనీసం అడుగు ఎక్కువ ఉండాలి. ఊయలను కదలకుండా నిలువుకు బిగించే ఒక కొయ్య సీల తప్పకుండా పెట్టండి. ఊపేది నిద్రపుచ్చడానికే. నిద్రపోయాక సీల వేసేయాలి.

పరుపు గట్టిగా ఉండాలి, అంచుకూ పరుపుకూ మధ్య రెండు వేళ్ళు కూడా పట్టకూడదు. మీ ఊరి నూలు పంచెనే మడిచి పైన పరవండి. ఆవాల దిండు దగ్గర అవ్వతో గొడవ తప్పదు. బిడ్డ మెలకువగా ఉండి, మీరు ఎదురుగా కూర్చున్నప్పుడు పెట్టుకోనివ్వండి, నిద్రపోయేటప్పుడు తీసేయండి. దిండు, బొంత, మెత్తటి బొమ్మ ఏదీ ఊయల్లో ఉండకూడదు, బిడ్డ వెల్లకిలా పడుకోవాలి. అమెరికాలో 1994లో పసివాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ఎత్తున ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్ళలో నిద్రలోనే ఉన్నట్టుండి శిశువులు చనిపోయే ఘటనలు సగానికి సగం తగ్గాయి. వాలుగా ఉండే శిశువుల పడకలను అక్కడ 2022లో చట్టం చేసి నిషేధించారు. ఈ సంగతి మన చీర ఊయలకు కూడా వర్తిస్తుంది. చీర ఊయలను తిట్టడం నాకిష్టం లేదు, అందులో ఊగి పెరిగిన వాళ్ళమే మనం. కానీ గుడ్డ గుంట పడితే బిడ్డ గడ్డం గుండెకు ఆనుకుంటుంది, ఊపిరి దారి నలుగుతుంది. పగలు, పక్కన మనిషి ఉండగా సరే. రాత్రికి చెక్క అడుగే మంచిది.

ఊయల పెట్టే చోటు ముందే చూసుకోండి. మగ్గాల గదిలో వద్దు, ఆ గదితో గోడ పంచుకునే చోట కూడా వద్దు. చప్పుడు సరే, గాలిలో తేలే నూలు దూది కూడా ఉంటుంది.

పూత

ఇక్కడే చాలామంది తొందరపడతారు. చిత్తూరు జిల్లా ఇంట్లో నూనె అంటే చేతికందేది వేరుశనగ నూనె. అది కర్రకు పూయకండి, ఎన్నాళ్ళకూ ఆరదు, మక్కిన వాసన వస్తుంది. ఆరి గట్టిపడేది అవిసె నూనె. కాచినదని రాసి అమ్మే డబ్బాల్లో తొందరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, కాబట్టి పచ్చి నూనె అడిగి తెచ్చుకోండి. పల్చగా పూసి, కాసేపాగి మిగిలింది తుడిచేయాలి, ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య రోజులు పడతాయి. అందుకే ఈ పని ఏడో నెల దాటకుండా మొదలుపెట్టాలి. పైన తేనెమైనం రుద్దవచ్చు. ఇంకో దారి లక్క పూత, మందు బిళ్ళల మీద వేసేదీ అదే. ఒక హెచ్చరిక: అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. మన వేసవిలో మరీ ప్రమాదం. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదంటే నీళ్ళలో నానబెట్టి పారేయండి.

రంగు మోజు తీరాలంటే ఊయలకు కాకుండా గిలక్కాయకు తీర్చుకోండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో ఆకులూ గింజలూ వేళ్ళ నుంచి తీసిన రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. ఆ సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనకు దగ్గరగా, కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలు కూడా అదే చెట్టు కర్రతో చేసినవే. బిడ్డ నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి ఇక్కడ నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా తప్పులేదు. గిలక్కాయను ఊయల మీద వేలాడదీస్తే బిడ్డ చేతికందనంత ఎత్తులో కట్టండి. దారం జానెడు మించితే మెడకు చుట్టుకునే భయం ఉంది.

బిగించే రోజు

తొమ్మిదో నెలలో పని ఏదీ పెట్టుకోకండి. ముక్కల వెనక పెన్సిలుతో నంబర్లు వేసి, పాత పంచెలో చుట్టి, బోల్టులను చిన్న సంచిలో కట్టి పెట్టేయండి. కాన్పు కార్తీకంలో అయితే ఒక జాగ్రత్త. ఈశాన్య రుతుపవనాల వానలు మన వైపు గట్టిగానే పడతాయి, కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో బిగుతుగా కోసిన కీలు అప్పుడు దూరదు. కాస్త వదులు ముందే ఉంచుకోండి.

ఖాళీ ఊయల ఊపకూడదని అవ్వ అంటుంది. కొన్ని ఇళ్ళల్లో బిడ్డ కన్నా ముందు పొత్రాన్ని గుడ్డలో చుట్టి ఊయల్లో పడుకోబెట్టి ఊపుతారు కూడా. నాకు ఇందులో వేడుక కన్నా వడ్రంగి బుద్ధి ఎక్కువ కనిపిస్తుంది. బిడ్డను ఊయల్లో వేసే రోజు పొద్దున్నే బిగించి, 25 కిలోల బియ్యం మూట అందులో వేసి అరగంట ఊపండి. ఆరు నెలల బిడ్డ బరువుకు అది మూడింతలు. తర్వాత మూట దించి ఒక్కో బోల్టు చేత్తో తిప్పి చూడండి. ఏదైనా వదులైతే, ఎక్కడైనా కిర్రుమంటే వేడుక సాయంత్రానికి వాయిదా వేసుకోండి, ఆచారిని పిలవండి.

బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేచే రోజు వస్తే, నాలుగైదు నెలలకే వచ్చినా సరే, ఆ రోజుతో ఊయల పని అయిపోయినట్టే. నడకబండి అప్పుడు మొదలుపెట్టొచ్చు, తొందరేం లేదు. బిడ్డ దాన్ని వెనక నుంచి తోసుకుంటూ నడవాలి తప్ప అందులో కూర్చుని దొర్లకూడదు. కూర్చోబెట్టి దొర్లించే వాకర్లను కెనడా 2004లోనే నిషేధించింది. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు పక్క ఊళ్ళోనే ఉందన్న ధైర్యంతో మిద్దెమెట్ల దగ్గర బండి వదిలేసే వాళ్ళు కూడా ఉన్నారు, ఆ ధైర్యం వద్దు.

విప్పిన ఊయలను చెల్లెలో మరదలో అడుగుతుంది. ఇవ్వండి, బోల్టుల సంచి, కొలతలు రాసిన కాగితం కూడా మోపులోనే కట్టి పంపండి. అరిగిన బోల్టులు మార్చి, అవిసె నూనె ఇంకో పూత వేసుకోమనండి. వాళ్ళ ఇంట్లోనూ బిడ్డ కన్నా ముందు బియ్యం మూటే పడుకోవాలని మరీ మరీ చెప్పండి.